మానంటేను

మెయింటేన్ అనే మాట మా ఊరికి బోరు మోటారుతో పాటు వచ్చింది. అంతకుముందు మాకు దాని అవసరం లేదు. ఎద్దులను సాకేవాళ్ళం, తాడు తెగితే ముడి వేసేవాళ్ళం, గోడ కారితే మన్ను మెత్తేవాళ్ళం. ఒక్కో పనికి ఒక్కో మాట ఉండేది. మోటారు వచ్చాక అన్నిటికీ కలిపి ఒకే మాట వచ్చింది. పావగడలో మోటార్లు అమ్మే అంగడాయన తన దగ్గర కొన్న ప్రతి రైతుకూ కన్నడంలో ఒకే హెచ్చరిక చెప్పి పంపేవాడు. “తగొండ్ హోగోదు దొడ్డదల్లప్పా, మేంటేన్ మాడోదు దొడ్డదు.” కొనుక్కుపోవడం గొప్ప కాదు, మెయింటేన్ చేయడం గొప్ప అని. మా వాళ్ళు మోటారును ఎద్దులబండిలో గడ్డి మీద పెట్టుకుని, ఆ మాటను నోట్లో పెట్టుకుని ఊరికి వచ్చారు.

మోటార్లు తొందరగానే కాలిపోయాయి. బోర్లలో నీళ్ళు ఇంకా కిందికి పోయాయి. మాట మాత్రం పైనే ఉండిపోయింది.

చూస్తుండగానే అది ఊళ్ళో అందరిదీ అయింది. ఇద్దరు ఎదురుపడితే యోగక్షేమాల కంటే ముందు “బోరులో నీళ్ళు మెయింటేన్ అయితా ఉండాయా?” అని అడిగేవారు. ఎవరైనా పాత మోటారు సైకిలు కొంటే, “తెచ్చినాడు సరే, మెయింటేన్ చేసేది ఆ మొగమేనా?” అనేవారు. బడిలో మేష్టరు సైలెన్స్ మెయింటేన్ చేయమని బెత్తం ఊపేవాడు. పొడుగు మీసం పెంచినవాడు మీసం మెయింటేన్ చేస్తున్నట్టు. అత్తతో పోట్లాడకుండా ఒక నెల గడిపిన కోడలు అత్తను మెయింటేన్ చేస్తున్నట్టు. నాకు అన్నిటికంటే నచ్చిన వాడుక వేరుశనగ చేలలో వినిపించేది. వాన ముఖం చాటేసి, ఆకు మధ్యాహ్నానికి ముడుచుకుని, సాయంత్రం మళ్ళీ విచ్చుకుంటుంటే, రైతు గట్టు మీద కూర్చుని “పైరు మెయింటేన్ చేస్తా ఉండాదప్పా” అనేవాడు. మనిషి చేయగలిగింది ఏమీ లేనప్పుడు ఆ పని పైరే చేసుకునేది. అంత గౌరవంగా ఒక మొక్క గురించి మాట్లాడడం నేను ఇంకే మాటతోనూ వినలేదు.

మా ఇంటి గురించి కూడా ఊరు ఆ మాటే వాడేది. “పెద్దింటోళ్ళు ఎట్లో మెయింటేన్ చేస్తా ఉండారు.” అందులో మెయింటేన్ నాకు ఇబ్బంది కాదు. ఆ ‘ఎట్లో’ మాత్రం చొక్కాలో పడిన వరిపొట్టులా గుచ్చుకునేది.

మాది పెద్దిల్లు. ఆ పేరు తప్ప పెద్దది ఏదీ మిగలని కాలం గురించి రాస్తున్నాను. తాత పోయాక దాయాదులు పంచుకున్నారు. పంచుకున్న బావులు ఎండిపోయాయి. ఒకరొకరే అమ్ముకుని వెళ్ళిపోయారు. మా నాయన ఉన్నంత కాలం నిలదొక్కుకోవాలని చూసి, చూస్తూనే పోయాడు. మిద్దె సగం కూలింది. కరువు కాలంలో ఇల్లు వానకు కూలిందంటే బయటివాళ్ళు నవ్వుతారు. కానీ మూడేళ్ళు పగుళ్ళు తీసిన మిద్దె ఒక్క గట్టి వానకే కూర్చుండిపోతుంది. మిగిలిన సగంలో మేము ముగ్గురం ఉండేవాళ్ళం. మా అమ్మ, పావగడ కాలేజీలో చదువు ముగించి ఎర్రనేల చేను చూసుకుంటున్న నేను, మా నాయన తల్లి. ఆమెను జేజి అని పిలిచేవాళ్ళం.

జేజి నిటారుగా ఉండేది. డెబ్బై దాటినా వీపు వంగలేదు. రోజూ రాగిసంగటే, ఎప్పుడైనా అన్నం వండితే ఆ గంజి పారబోయనిచ్చేది కాదు. ఆ గంజి ఆమె చీరకు. సంగటి తిని, గంజి పెట్టిన చీర కట్టుకుని తిన్నె మీద కూర్చుంటే, లోపల సగం ఇల్లు లేదని దారిన పోయేవాళ్ళకు తెలిసేది కాదు. కూలిన వైపు కూడా ప్రతి శుక్రవారం గడపకు పసుపు రాసేది. ఆ గడప దాటితే ఆకాశమే.

ఆమెకు ఇంగ్లీషు రాదు, కన్నడం సంతకు సరిపడా వచ్చు. మెయింటేన్ ఆమె చెవికి మరోలా వినిపించింది. “మానంటేను” అనేది. నేను మొదట నోరు తిరగక అలా అంటోందనుకున్నాను. ఒకనాడు అమ్మతో ఆమె అంటున్నది వింటే సంగతి తెలిసింది.

“మానం అనే మాట మనదే గదా, దాన్ని తీసుకుపోయి ఇంగ్లీషోళ్ళు తోక తగిలించినారు.”

నేను దిద్దబోయాను. “జేజీ, అది మానం కాదు. మెయింటేన్. మెయిన్, టేన్.”

“దానికి అర్థమేంది మల్ల?”

“చెడిపోకుండా చూసుకునేది. ఉన్నదాన్ని ఉన్నట్టు నడిపించేది.”

“చెడిపోకుండా చూసుకునేది మానం కాకపోతే ఇంకేముండాది రా? నువ్వు కాలేజీకి పోయి ఇది నేర్చుకోను బస్సెక్కినావా?”

ఆమెతో వాదించడం దండగ. చాలా ఏళ్ళ తరవాత ఒక పెద్ద నిఘంటువులో ఆ క్రియ పుట్టుక చూశాను. పాత భాషల్లో దానికి చేత్తో పట్టుకుని ఉండడం అని అర్థమట. మానానికి ఆ చేతికి బంధుత్వం లేదు. కానీ నాకు ఆ పుట చదువుతుంటే గుర్తుకొచ్చింది ఏ అంగడాయనా కాదు, మా జేజి చేయి. గొర్రు మీద నూనె రాస్తున్న చేయి.

ఆ గొర్రు గురించి చెప్పాలి. విత్తనం వేసే ఆ కొయ్య పనిముట్టు మా ముత్తాత చేయించినది. కింద పళ్ళు, పైన గింజలు వదిలే కొయ్యగిన్నె, గిన్నె నుంచి నేలలోకి దిగే వెదురు గొట్టాలు. ఎద్దులు లాగుతుంటే మగవాళ్ళు తోలుతారు, ఆడవాళ్ళు వెనక నడుస్తూ గిన్నెలో గింజ వదులుతారు. ఊరికి ఒక కట్టుబాటు ఉండేది. వాన పడి నేల పదునుకు వచ్చాక మొదటి సాలు, అంటే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా మొదటి వరస, పెద్దింటి గొర్రే వేయాలి. ఆ సాలులో గింజ జేజి చేతి నుంచి పడాలి. అది పడ్డాక ఊరంతా విత్తుకుంటుంది. అంతవరకు ఎంత తొందర ఉన్నా ఎవరూ ఎద్దులకు కాడి కట్టరు.

ఇది మా గొప్పకు ఊరు చేస్తున్న మర్యాద అనే నేను చిన్నప్పటి నుంచి అనుకున్నాను. అదేదో చామరం వీచినట్టు ఉండేది నాకు. జేజి మాత్రం వేరే చెప్పేది. “ముందు ఇత్తినోడికి ముందు నష్టం రా. ఆ వాన మోసం చేస్తే మన గింజ పోతాది. ఊరు చూసుకుని ఆగుతాది. వాళ్ళకు మల్ల ఇత్తనం కొనే శక్తి లేదు, మనకు ఉండాది. అందుకు పెట్టినారు మనల్ని ముందర.” ‘ఉండాది’ అనే ఆమె అనేది. ఆ శక్తి ఎప్పుడో పోయిందని ఆమెకు తెలియక కాదు.

రెండేళ్ళు వరసగా వానలు తప్పాయి. రెండో ఏడు గడ్డి లేక మా ఎద్దులను సంతకు తోలేయవలసి వచ్చింది. అవి వీధి మలుపు తిరిగేదాకా జేజి తిన్నె మీద నిలబడే ఉంది, కూర్చోలేదు. ఆ తరవాత లోపలికి వెళ్ళి విత్తనపు వేరుశనగ కాయల గాదె మూత తీసి, వేపాకు మార్చి, మళ్ళీ మట్టితో మూసింది. ఆ రెండేళ్ళలో ఆ గాదెలోంచి ఒక్క కాయ వేయించుకోలేదు. పండగకు చట్నీ కూడా చేయలేదు. గొర్రును అటక మీది నుంచి దింపి, దుమ్ము తుడిచి, నూనె రాసి, మళ్ళీ అటక మీద పెట్టేది. లాగే ఎద్దులు లేని గొర్రుకు నూనె ఎందుకని అమ్మ ఒకసారి అడిగింది. “మానంటేను చేయల్ల గదా” అంది జేజి.

మూడో ఏడు వాన వచ్చింది. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా కురిసి, పావగడ కొండ మీది బండలన్నీ తెల్లటి చారలుగా కారేలా పడింది. మరునాడు పొద్దున్నే ఊరి రైతులు మా తిన్నె ముందుకు వచ్చారు. అందరి కంటే ముందు గొర్రెల ఇంటి పెద్దాయన వచ్చాడు. వాళ్ళు ఒకప్పుడు గొర్రెలు మేపిన కుటుంబం. అప్పటికి మంచి రైతులయ్యారు. ఆ కరువులోనూ ఎద్దుల జతను బక్కచిక్కకుండా నిలుపుకున్న ఇల్లు ఊళ్ళో వాళ్ళదే అని చెప్పుకునేవారు. పెద్దాయన వెంట ఆయన కొడుకు వచ్చాడు. నాతో హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, నోరు ఊరుకోనివాడు.

కొడుకే మొదలుపెట్టాడు. “ఏమప్పా, ఈసారి పెద్దింటి గొర్రు పోతుందా, లేకపోతే మెయింటేన్‌లో ఉండాదా?”

“పోతుంది” అన్నాను.

“ఎద్దులు యాడుండాయి? ఒకపక్క నువ్వు, ఒకపక్క నీ డిగ్రీ, కాడి మోస్తారా?”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పెద్దాయన తువ్వాలుతో కొడుకు భుజం మీద ఒకటి కొట్టాడు. “నోరు మెయింటేన్ చేసుకో రా!” దాంతో మళ్ళీ నవ్వారు, ఈసారి నాకూ పెదవి కదిలింది.

ఆ నవ్వు తగ్గాక పెద్దాయన జేజి వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు. “పెద్దమ్మా, ఎర్రనేల. గాలి చూస్తా ఉండావు గదా. పదును ఎక్కువ నిలవదు. రేపు పొద్దెక్కేదాకా మేమెవ్వరూ కాడి కట్టం. అది దాటితే మాత్రం మా పిలకాయల నోటికాడ కూడు పోతాది. మీరు ఏమీ అనుకోవద్దు.”

ఆయన మాటలో తప్పు లేదు. రెండేళ్ళుగా ఎండిన కడుపులవి. ఒక్క సాలు కోసం ఊరు ఒక రోజు పదును వదులుకోవడమే పెద్ద త్యాగం. రేపు పొద్దెక్కేలోగా మా గొర్రు చేనులో దిగకపోతే ఊరు తన దారిన తాను విత్తుకుంటుంది. ఆ తరవాత ఏ యేడూ మా తిన్నె ముందుకు ఎవరూ రారు. మా ఇంటికి మిగిలి ఉన్నది అదొక్కటే. అది జేజికీ తెలుసు, నాకూ తెలుసు, నిలబడి వింటున్న అందరికీ తెలుసు.

“రేపు పొద్దెక్కక ముందే పోతుందప్పా” అంది జేజి.

వాళ్ళు వెళ్ళాక నేను ఉపాయాలు వెతికాను. పావగడకు పోయి బాడుగకు ఎద్దులు తోలుకొస్తానన్నాను. “పరాయి ఊరి ఎద్దులు వచ్చి మన ఊరి మొదటి సాలు తొక్కేదేంది రా?” అంది. మరేం చేద్దామన్నాను.

“అడగల్ల. గొర్రెల ఇంట్లో.”

 మా ఇంటికి రెండో కట్టుబాటు ఒకటి ఉంది. ఎవరినీ ఏదీ అడగం. తాత ఉప్పు నిండుకుంటే చప్పిడి తిన్నాడు గానీ పొరుగింటికి గిన్నె పంపలేదని చెప్పుకునే ఇల్లు మాది. నేను అదే అన్నాను. “మన ఇంట్లో ఎవరన్నా ఎవరినన్నా అడిగినారా జేజీ?”

“అడగల్యా. అందుకే నాకు ఎట్ల అడగల్లో తెలీదు.” కొంచెం ఆగి అంది. “తెల్లారేలోగా నేర్చుకుంటా.”

ఇది ఆమె పరిహాసానికి అన్నదని అనుకున్నాను. కాదు. దీపం పెట్టాక గాదె మూత పగలగొట్టాం. అమ్మ, జేజి, నేను కాయలు ఒలవడానికి కూర్చున్నాం. రెండేళ్ళ తరవాత కూడా గింజ ఎర్రగా, నున్నగా, తడి తగలని పగడంలా ఉంది. ఒలుస్తూ జేజి గొణుక్కుంటోంది. “ఎద్దులు ఇయ్యప్పా... ఊహూఁ, అది తీర్పు చెప్పినట్లుండాది. ఎద్దులు ఇస్తావా అప్పా... ఇది మరీ సన్నగుండాది. నీకు వీలైతే...” అక్కడ ఆగి, “వీలు కాకపోతే ఏం చేస్తా నేను?” అని తనను తానే అడిగింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. జేజి కూడా నవ్వింది. నేను మాత్రం కాయలు గట్టిగా నలుపుతూ తల వంచుకుని కూర్చున్నాను. అంత పెద్ద మనిషి పాఠం వల్లె వేసినట్టు అడిగే మాటను వల్లె వేయడం నాకు వినబుద్ధి కాలేదు.

“జేజీ, పోతే పోనీ ఆ సాలు. అడగకుండా ఉండేది కూడా మెయింటేన్ చేయాల్సిందే గదా?” అన్నాను.

ఆమె చేతిలో కాయ పక్కన పెట్టింది. “చూడు రా. అటక మీద గొర్రు ఉండాదే, ఇంకో రెండేండ్లు నూనె రాసి రాసి పెట్టినా దానికి చెదలు పడతాది. నేలలో దిగితేనే దానికి ఆయుస్సు. మనం అడగకుండా కూసుంటే మన మాట అటక మీద ఉంటాది. మొదటి సాలు నేల మీద ఉంటాది. నేను నేల మీదిది పట్టుకుంటా.” మళ్ళీ కాయ అందుకుంది. “ఒలువు. మాటలకు గింజ రాదు.”

తెల్లవారగానే తల స్నానం చేసి, గంజి పెట్టిన చీర కట్టుకుంది. గింజలను కొత్త చేటలో పోసి పసుపు బట్ట కప్పింది. నన్ను గొర్రు భుజాన వేసుకోమంది. నేను ఎవరైనా కూలిని పిలుద్దామన్నాను. “అడిగేది నేను. మోసేది నువ్వు. ఈ రెండూ కూలికి పంపేది కాదు” అంది.

వీధిలో ఆమె ముందు నడిచింది. నేను గొర్రుతో వెనక. గడపల్లో ఆడవాళ్ళు చేతిలో పని ఆపి చూశారు. నేను గొర్రును ముఖానికి అడ్డంగా జరుపుకున్నాను. జేజి మాత్రం గుడికి పోతున్నట్టు నడిచింది. అడుగు పెద్దది చేయలేదు, చిన్నది చేయలేదు.

గొర్రెల ఇంటి ముందు పెద్దాయన ఎద్దులకు నీళ్ళు పెడుతున్నాడు. ఆమెను చూసి బక్కెట కింద పెట్టి, తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. జేజి నోరు తెరిచింది. రాత్రి వల్లె వేసినవన్నీ పోయినట్టున్నాయి. కొంగు సర్దుకుంది. తరవాత గట్టిగా, వీధి చివరికి వినపడేలా అంది.

“అప్పా, నాకు ఎద్దులు కావల్ల.”

పెద్దాయన కళ్ళు కిందికి వాలాయి. ఆయనకే సిగ్గయినట్టు తొట్రుపడ్డాడు. “అడగాల్నా పెద్దమ్మా? నేనే తోలుకుని వస్తా ఉంటిని. నీళ్ళు పెట్టి బయల్దేరుదామని...”

అది అబద్ధమో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. అబద్ధమైతే అంత మర్యాద గల అబద్ధం నేను వినలేదు. ఆమెకు అడిగే అవసరం లేకుండా చేయాలని ఆయన చూశాడు. మరెవరైనా ఆ దారిలో తప్పుకునేవాళ్ళు. జేజి తప్పుకోలేదు.

“లేదప్పా. నువ్వు తోలుకొస్తే అది నీ మంచితనం. ఈపొద్దు నేను అడిగినాను. పెద్దిల్లు అడిగింది, నువ్వు ఇచ్చినావు. అట్లే చెప్పు ఎవరన్నా అడిగితే.”

ఆయన తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. “అట్లే చెప్తానమ్మా” అన్నాడు. కొడుకు వైపు తిరిగాడు. “కాడి కట్టు రా.”

అడగడం అంటే వంగడం అని నేను అనుకుని ఉన్నాను. ఆ రోజు ఆ వాకిట్లో అందరూ కొంచెం వంగారు. పెద్దాయన వంగాడు, గొర్రు బరువుకు నేను వంగాను. అడిగిన మనిషి వీపు మాత్రం వంగలేదు.

మా చేనుకు ఊరంతా వచ్చింది. గొర్రుకు పసుపు, కుంకుమ పెట్టి టెంకాయ కొట్టాం. ఎద్దులు నా మాట వినవు, కాబట్టి తోలేది గొర్రెల ఇంటి కొడుకే. నిన్న నవ్వినవాడు ఈరోజు మా గొర్రు పట్టుకుని, దాని పిడి మీద చేయి పెట్టి చూసి, “ఏమప్పా ఇది, అద్దం మాదిరి ఉండాది!” అన్నాడు నాతో. అది జేజి నూనె. 

జేజి చేట నడుమున పెట్టుకుని గొర్రు వెనక నిలబడింది. గుప్పెడు గింజ తీసి గిన్నెలో వదిలింది. పళ్ళు నేలలో దిగాయి. రెండేళ్ళ తరవాత తడి ఎరుపు పైకి వచ్చింది, వాసన వచ్చింది. గట్టు మీద ఎవరో ఆడవాళ్ళు ఏడ్చారు.

మా చేను పొడుగు. సగం దూరం పోయేసరికి జేజి అడుగు తడబడడం మొదలైంది. తడి మట్టి పాదాలకు అంటుకుని చెప్పుల్లా తయారైంది. చేయి మాత్రం ఆగలేదు. గుప్పెడు తీయడం, వదలడం. నేను పక్కనే నడుస్తూ చేట అందుకోబోతే మోచేత్తో తోసింది. గొర్రెల ఇంటి కొడుకు వెనక్కి తిరిగి చూసి ఎద్దులను ఆపాడు. వాడి గొంతులో నిన్నటి ఎగతాళి లేదు. మా వైపు ‘చాలు’ను కూడా ‘సాలు’ అనే అంటారు.

“సాలు పెద్దమ్మా. మెయింటేన్ చేసినావు. సాలు ఇంక, గట్టు మీద కూసో.”

జేజి ఎగశ్వాసతో నిలబడింది. నుదుటి మీది చెమట మోచేత్తో తుడుచుకుంది. అందరూ ఆమె కూర్చుంటుందనే అనుకున్నారు. ఆమె ముందుకు చూసింది. ఇంకా విత్తని నేల అవతలి గట్టు దాకా తడిగా పడి ఉంది.

“సాలు యాడ అయింది రా?” అంది. “గట్టుదాకా ఉండాది. తోలు.”

వాడు తోలాడు.